కాదనే కుర్చీ

మొన్న ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే మా కాలనీ అమ్మాయి స్రవంతి ఎదురైంది. ఈమధ్యే ఒక కంపెనీలో హెచ్.ఆర్. ఉద్యోగంలో చేరింది. మెడలో ఐడీ కార్డు ఉంది, ముఖంలో ఏడుపు ఉంది. "ఆంటీ, మా కంపెనీలో బోలెడు లెవెల్స్. లీడ్ అంటారు, సీనియర్ అంటారు, హెడ్ అంటారు. ఎవరి పైన ఎవరో, ఎవరు ఏం చేస్తారో ఒక్క ముక్క అర్థం కావట్లేదు" అంది. చేరి ఎన్నాళ్లయిందే అని అడిగితే నెల అంది. "నాకు పదేళ్లు పట్టిందమ్మా, నువ్వప్పుడే ఏడవకు" అని భుజం తట్టి పంపించాను.

ఇంటికొచ్చాక మాత్రం మనసు పీకింది. పిల్ల సాయం అడిగితే జోకు వేసి వచ్చేశానే అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. నా పేరు జమున. నాచారం పారిశ్రామికవాడలో నీళ్ల మోటార్లు తయారుచేసే ఒక కంపెనీలో టైపిస్టుగా చేరి, ఇప్పుడు హెచ్.ఆర్. అంటున్న పర్సొనెల్ డిపార్ట్‌మెంట్ మేనేజర్‌గా బయటికొచ్చాను. మధ్యలో ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో చెబితే మీకు నిద్రొస్తుంది, నాకూ వస్తుంది. కాబట్టి అవన్నీ వదిలేసి, నాకు కంపెనీ అంటే ఏమిటో నేర్పిన ఒకటి రెండు సంగతులే చెబుతాను. అందులో పెద్దది ఇది: మా కంపెనీలో ఒక మెట్టు అనవసరమని తీసేశారు. తీసింది సరిగ్గా ఆషాఢమాసంలో.

సాసర్ మాహాత్మ్యం

నేను చేరిన కొత్తల్లో ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో తెలుసుకోవడానికి చార్టులూ గీర్టులూ ఉండేవి కావు. టీ వచ్చే వేళకి చూస్తే చాలు. కార్మికులకి గాజు గ్లాసు, గుమాస్తాలకి పింగాణీ కప్పు, ఆఫీసర్లకి కప్పూ దాని కింద సాసరూ. నేను ఆఫీసర్నయిన రోజు నా బల్ల మీద సాసర్ ప్రత్యక్షమైంది. నిజం చెప్పొద్దూ, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికెళ్లి మా ఆయనకి జీతం సంగతి చెప్పలేదు, సాసర్ సంగతి చెప్పాను. "అయితే ఇవాళ్టి నుంచి ఇంట్లో కూడా సాసర్ పెట్టాలా తమరికి?" అన్నాడు ఆ మహానుభావుడు.

మా యజమాని శేషగిరిరావుగారిని మేమంతా పెద్దాయన అనేవాళ్లం. ఆయన టీని సాసర్‌లో పోసుకుని జుర్రుకుని తాగేవారు. ఆఫీసర్లు ప్రాణంలా చూసుకునే సాసర్ ఆయనకి టీ చల్లార్చుకునే పళ్లెం, అంతే. ఒకసారి కొత్తగా చేరిన ఇంజనీరొకడు తనకి సాసర్ రాలేదని ముఖం మాడ్చుకున్నాడు. పెద్దాయన తన సాసర్ తీసి అతని చేతిలో పెట్టి, "ఉంచుకోవయ్యా, నేను ఊదుకుని తాగుతాలే" అన్నారు. ఆ కుర్రాడు చచ్చినా మళ్లీ సాసర్ ఊసెత్తలేదు.

మెట్టంటే సాసర్ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సాసర్ బదులు కారు పార్కింగ్ అంటారు, క్యాబిన్ అంటారు. వాళ్లని చూసి విసుక్కోకండి, నాలాగే ఒకరోజు కళ్లు తుడుచుకుని ఉంటారు. కానీ మెట్టంటే అక్కడ జరిగే పని. ఆ పనేమిటో పైనుంచి చూసినవాళ్లకి ఒక్కోసారి కనపడదు. పెద్దాయన మనవడు కార్తీక్‌కి కనపడలేదు.

రాజయ్య, పచ్చ కుర్చీ

కార్తీక్ సంగతికి వచ్చేముందు రాజయ్యని పరిచయం చేయాలి. మోటారు లోపల రాగితీగ చుట్టే షెడ్డుని మేము వైండింగ్ షెడ్ అనేవాళ్లం. కంపెనీలో ఎక్కువమంది అక్కడే పనిచేసేవారు. ఆ షెడ్డుకి సూపర్‌వైజర్ రాజయ్య. ఆయన పైన ఒక ఇంజనీరు, ఆ పైన మేనేజరు, ఆ పైన జనరల్ మేనేజరు, అందరి పైనా పెద్దాయన. కింద కార్మికులు. అంటే కిందినుంచి లెక్కపెడితే మొదటి మెట్టు దాటగానే రాజయ్య తగులుతాడు.

రాజయ్య అణకువ గల మనిషని అనుకునేరు. అబ్బే! గొంతు షెడ్డులో మొదలైతే గేటు దాకా వినపడేది. మీసానికి రోజూ నూనె రాసేవాడు. షెడ్డు గుమ్మం దగ్గర ఇనప కుర్చీ ఒకటి తెచ్చి వేసుకుని, దానికి పచ్చ రంగు తానే పూసుకున్నాడు. అందులో ఇంకెవరైనా కూర్చుంటే "ఏందిరా, నీ అత్తగారిల్లు అనుకున్నవా?" అని లేపేవాడు. మల్లాపూర్‌లో ఇల్లు కట్టుకుని గుమ్మం పక్కన "కె. రాజయ్య, సూపర్‌వైజర్" అని రాతిపలక బిగించుకున్నాడు. గృహప్రవేశానికి వెళ్లినవాళ్లందరికీ ఇల్లు చూపించకముందే ఆ పలక చూపించాడు.

రాజయ్య రోజంతా చేసే పనేమిటని మా జనరల్ మేనేజరుగారే ఒకసారి నన్నడిగారు. నేను ఒకరోజు కావాలని వెళ్లి ఆ కుర్చీ పక్కన నిలబడి చూశాను. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఆయన చేసిందల్లా కాదనడమే.

"అన్నా, జర బయటికి పోయొస్తా."

"నడ్వదు. చాయ్ టైమ్ల పో."

"రాజన్నా, రేపు నా మరదలి కొడుకు తొట్టెల ఫంక్షన్..."

"పోయిన నెల్ల గూడ మరదలి కొడుకు తొట్టెలే అన్నవు. ఎంతమంది కొడుకులే నీ మరదలికి?"

షెడ్డంతా గొల్లుమంది. అడిగినవాడు కూడా నవ్వాడు. కాసేపు బతిమాలాడు, కాసేపు తిట్టాడు, చివరికి మధ్యాహ్నం నుంచి వెళ్లేటట్టు ఒప్పుకుని మిషను దగ్గరికి పోయాడు. ఆ తర్వాత మేనేజరుగారు వచ్చి ఇవాళ ఇంకో వంద మోటార్లు కావాలన్నారు. రాజయ్య లేచి నిలబడి, మీసం సవరించుకుని, ఎంతో గౌరవంగా "కాదు సార్, పిల్లలు సచ్చిపోతరు" అన్నాడు. పైవాళ్లకీ కాదే, కిందివాళ్లకీ కాదే. ఇద్దరూ ఆయన్ని తిట్టుకునేవారు, ఇద్దరూ ఆయన మాట వినేవారు.

కార్తీక్ వచ్చాడు

పెద్దాయనకి మోకాళ్లు సహకరించక ఇంటిపట్టున ఉండిపోయాక, ఆయన కుర్చీలో మనవడు కార్తీక్ కూర్చున్నాడు. పుణేలో మేనేజ్‌మెంట్ చదివొచ్చాడు. మంచి పిల్లాడు. వచ్చిన మొదటిరోజే సాసర్లన్నీ తీసేసి అందరికీ ఒకేరకం కప్పులు పెట్టించాడు. ఆ రోజు మా క్యాంటీన్‌లో పండగ.

అతను మెట్లు తగ్గిద్దామనుకోవడంలో తప్పేమీ లేదని ముందే చెబుతాను. వైండింగ్ షెడ్డులో ఎండాకాలం ఒక ఫ్యాను కావాలని అడిగితే, ఆ కాగితం మెట్టు మెట్టుకీ ఆగి సంతకాలు వేయించుకుని పైకెళ్లి, మళ్లీ కిందికి దిగి వచ్చేసరికి అందరూ స్వెట్టర్లు వేసుకున్నారు. ఇలాంటివి కార్తీక్ స్వయంగా చూశాడు. గచ్చిబౌలి నుంచి ఒక కన్సల్టెంటుని పిలిపించాడు. ఆయన లాప్‌టాప్‌లో మా కంపెనీని నిలువుగా నిచ్చెనలా గీసి, ఆ తర్వాత అట్టులా పలచగా గీసి చూపించాడు. సూపర్‌వైజర్లు ఇక ఉండరు. అందరూ టీమ్ సభ్యులే. సెలవు కావాలన్నా, ఫ్యాను కావాలన్నా, ఎవరైనా సరే ఫోన్‌లో నొక్కితే నేరుగా కార్తీక్‌కి వెళ్తుంది. మధ్యలో ఎవరూ లేరు. నేను కూడా లేను.

"జీతం ఒక్క రూపాయి తగ్గదు మేడం" అన్నాడు కార్తీక్ నాతో. "ఆషాఢం అయ్యేదాకా చూద్దాం. బాగుంటే ఇదే శాశ్వతం చేసేద్దాం."

"ఆషాఢంలో కొత్త పనులు మొదలుపెట్టరు బాబూ" అన్నాను.

"అందుకే ట్రయల్ అంటున్నాను" అని నవ్వాడు.

ఆ సాయంత్రం రాజయ్య నా గదికి వచ్చాడు. గొంతు లేదు, మీసానికి నూనె లేదు. మా షెడ్డువాళ్లు నన్ను మొదట్లో మేడం అనేవారు, ఏళ్లు గడిచాక అక్క కలిపి మేడమక్క చేశారు.

"మేడమక్కా, జీతం ఇస్తరంట. అది మంచిదే. గని ఇగ నేనెవరిని?" అన్నాడు. "ఆ రాయి ఏం జేయాలె? ఊడగొట్టాల్నా? బిడ్డ పెండ్లి కార్డు మీద గూడ సూపర్‌వైజర్ అనే కొట్టిచ్చిన. ఇప్పుడు ఇయ్యంపుల ముంగట నా ఇజ్జత్ ఏముంటది?"

ఆషాఢం అయ్యేదాకా రాయి ముట్టుకోవద్దని చెప్పాను. ఆయన బయటికి వెళ్తూ వరండాలో ఆగాడు. అక్కడ ఎవరో ఆ పచ్చ కుర్చీని తెచ్చి క్యాంటీన్ గోడకి ఆనించి పెట్టారు. దాన్ని ఒకసారి సరిగ్గా నిలబెట్టి, ఖర్చీఫ్‌తో తుడిచి వెళ్లాడు. నాకు చాలా బాధేసింది.

సరే, సరే, సరే

మొదటి రెండు వారాలు కార్తీక్ గాల్లో తేలాడు. "చూశారా మేడం, ఫ్యాను అడిగితే మర్నాడే వచ్చింది" అన్నాడు. నిజమే, వచ్చింది. ఎవరేం అడిగినా నిమిషంలో సరే అనేవాడు. కార్మికులు కూడా మురిసిపోయారు. కూతురి ఫీజు సంగతి, క్యాంటీన్ ఉప్మాలో ఉప్పు సంగతి, మేనమామ షష్టిపూర్తికి రమ్మనే సంగతి, అన్నీ కార్తీక్ ఫోనుకే. ఒకరోజు మౌలాలి నుంచి వచ్చే ఒకాయన బస్సు దొరకలేదని కూడా కార్తీక్‌కే మెసేజ్ పెట్టాడు. కార్తీక్ అతనికి ఆటో బుక్ చేశాడు! మీటింగ్‌లో కూర్చుని ఉండగానే చేశాడు. నేను పక్కనే ఉన్నాను, నవ్వాపుకోలేక దగ్గు నటించాల్సి వచ్చింది.

ఇక్కడ మీకో మాట చెప్పాలి, ముఖ్యంగా స్రవంతికి. పైన కూర్చున్నవాడు కాదనడం చాలా కష్టం. యజమాని కాదంటే అది తీర్పు. మనిషి ముఖం చిన్నబోతుంది, ఇంటికెళ్లి అన్నం తినడు. దానితో యజమాని వీలైనంత వరకు సరే అనే అంటాడు. సూపర్‌వైజర్ కాదంటే అది తీర్పు కాదు, బేరం మొదలైందని అర్థం. పొద్దున కాదన్నవాడితోనే మధ్యాహ్నం డబ్బాలో కూర పంచుకుంటారు. ఆ తిట్లూ నవ్వులూ నడిచే చోటు ఒకటి ఉండాలి. చార్టులో దానికి గడి గీయొచ్చు గానీ, అందులో ఏం జరుగుతుందో రాయడం కుదరదు.

అప్పటికి ఇదంతా నాకు ఇంత చక్కగా తెలుసని అనుకోకండి. నాకూ ఆ సోమవారమే తెలిసింది.

ఎవరన్న ఉన్నరా?

ఆ ఆదివారం ఉప్పల్, నాచారం, మల్లాపూర్ అన్నిచోట్లా బోనాలు. తెలియనివాళ్లకి చెబుతాను. ఆదివారం ఆడవాళ్లు అమ్మవారికి నైవేద్యపు కుండ, అంటే బోనం, తలకెత్తుతారు. సోమవారం ఇంటినిండా చుట్టాలు, యాటకూర అనే వేటమాంసం, డప్పులు, ఊరేగింపు. అసలు సందడంతా సోమవారమే. బోనాలు ఆ బస్తీవాళ్లవే అయినా, వేరే బస్తీల బావమరుదులూ వియ్యంకులూ స్నేహితులూ అందరికీ పిలుపులు వెళ్తాయి. పిలిచాక రాకపోతే ఏడాదంతా మాట పడాలి.

మా కంపెనీలో ప్రతి ఏడూ ఆ సోమవారం గడిచేది. ఎలా గడిచేదో ఎవరం ఆలోచించలేదు. ఆ ఏడు మాత్రం వరంగల్ డీలరుకి మోటార్ల లారీ మంగళవారం వెళ్లాలి. నాట్లు మొదలయ్యే రోజులు. లారీ ఆలస్యమైతే ఆ డీలరు ఇంకో కంపెనీ చూసుకుంటాడు, ముందే చెప్పాడు కూడా.

సోమవారం పొద్దున నేను గేట్లో అడుగుపెట్టేసరికి ఏదో తేడాగా అనిపించింది. కాసేపటికి తెలిసింది, చప్పుడు లేదు. వైండింగ్ షెడ్డులో ఒక్క మిషను తిరగడం లేదు, ఒక్క మనిషి లేడు. లోపల కార్తీక్ ఒక్కడే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

"మేడం, అందరికీ నేనే సరే అన్నాను" అన్నాడు. ముఖం పాలిపోయింది. "ఒక్కొక్కళ్లూ విడివిడిగా అడిగారు. ఎందుకు అంటే బోనాలు అన్నారు. పండగకి ఎలా కాదంటాను?"

"మొత్తం ఎంతమందికో చూసుకోలేదా బాబూ?"

"ఒక్కొక్కళ్లే కదా అడిగింది!"

పాపం, అతను చెప్పింది నిజం. ఒక్కడు అడిగితే ఒక్కడే కనపడతాడు. షెడ్డు కనపడాలంటే షెడ్డులో కూర్చోవాలి.

కాసేపటికి ఒక్కొక్కరే చేరారు. జనరల్ మేనేజరు వచ్చారు, మేనేజరు వచ్చారు, ఇంజనీరు, అకౌంట్స్‌లో ఇద్దరు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లమే మిగిలాం. మాకు పిలుపుల్లేవు. పై మెట్లన్నీ టంచనుగా వచ్చాయి, కింది మెట్టు మాత్రం లేదు. జనరల్ మేనేజరుగారు కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, వైండింగ్ మిషను ముందు కూర్చున్నారు. రాగితీగ వెళ్లాల్సిన చోటికి తప్ప అన్నిచోట్లకీ వెళ్లింది. ఇంజనీరు కత్తెర పట్టుకుని ఆయన్ని అందులోంచి విడిపించాడు.

అప్పుడే లారీ డ్రైవరు వచ్చాడు. మర్నాటి లోడుకి ముందుగానే బండి పెట్టుకుందామని వచ్చాడట. షెడ్డులోకి తొంగిచూసి, "సార్, ఎవరు లేరా?" అన్నాడు.

"మేమున్నాం కదయ్యా" అన్నారు జనరల్ మేనేజరు.

డ్రైవరు మా అందరినీ ఒకసారి కలయజూశాడు. "మీరున్నరు సార్. గని ఎవరన్న ఉన్నరా?"

ముందు నాకు నవ్వొచ్చింది. నన్ను చూసి అకౌంట్స్ వాళ్లు నవ్వారు. చివరికి కార్తీక్ కూడా తల పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ, "మేడం, రాజయ్యగారి ఇల్లు మీకు తెలుసా?" అని అడిగాడు.

మల్లాపూర్‌లో

కారు సందు మొదట్లోనే ఆపేయాల్సి వచ్చింది. వేపమండల తోరణాలు, మైకు పాటలు, తీన్మార్ దరువు. సందు మలుపులో ఒంటినిండా పసుపుతో, చేతిలో కొరడాతో పోతురాజు ఎగురుతుంటే కార్తీక్ గోడకి అంటుకుపోయాడు. నేను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను.

రాజయ్య ఇంటిముందు షామియానా. దాని కింద మా వైండింగ్ షెడ్డు! సగానికి సగం మంది అక్కడే విస్తళ్ల ముందు కూర్చుని ఉన్నారు. కార్తీక్‌ని చూడగానే కొందరు లేచారు, కొందరి చేతుల్లో గ్లాసులు వీపుల వెనక్కి పోయాయి. శ్రీశైలం అని మా షెడ్డులో బాగా మాటకారి ఒకడుండేవాడు. వాడు గ్లాసు దాచే కంగారులో పక్కవాడి విస్తట్లోనే పెట్టేశాడు.

రాజయ్య నుదుట పసుపు, మెడలో పూలదండ, ఒంటి మీద మల్లెపువ్వులాంటి లుంగీ. మనిషి వెలిగిపోతున్నాడు. నేను ఆయన్ని అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు. ఆయన భార్య సువర్ణ పెద్ద గిన్నె చంకలో పెట్టుకుని వచ్చి, "సార్, కూసోండ్రి. మేడమక్కా, రాండ్రి. ముందు తినుండ్రి, మాట్లాడుడు మల్ల" అంది. కార్తీక్ మాట్లాడదామని నోరు తెరిచేలోపల విస్తట్లో బగారా అన్నం పడింది. యాటకూర పడింది. నేను మాంసం తినను, నాకు పప్పుచారు పోసింది.

నాలుగు ముద్దలు తిన్నాక కార్తీక్ చెయ్యి ఆపాడు. "రాజయ్యగారూ, తప్పయింది. మీరు రేపటి నుంచి మళ్లీ సూపర్‌వైజర్. ఆ కుర్చీ కూడా షెడ్డులో పెట్టిస్తాను" అన్నాడు.

రాజయ్య ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన దండ సర్దుకుని, "వద్దు సార్" అన్నాడు.

కార్తీక్‌కి పొలమారింది. నేను నీళ్లందించాను.

"ఆ కుర్సీ పోతె సచ్చిపోత అనుకున్న సార్" అన్నాడు రాజయ్య. "గని ఈ దినం సూడుండ్రి. పెండ్లయినప్పటి సంది బోనాల సోమారం నేను ఇంట్ల లేను. అందరికి నడ్వదు నడ్వదు అని చెప్పి, నేనెట్ల ఇంట్ల కూసుంట? షెడ్డుల కూసునేటోన్ని. ఇగ ఈ ఏడు ఎవరికి కాదని చెప్పే పని లేదు. మస్తు హాయిగున్నది. నాకీ మెట్టు వద్దు, మీ ఫోనే మంచిగున్నది."

కార్తీక్ దిక్కుతోచక నావైపు చూశాడు. నేను సువర్ణ వైపు చూశాను. ఆమె గిన్నె కింద పెట్టి, కొంగు నడుముకి దోపింది.

"ఏం మాట్లాడుతున్నవయ్యా?" అంది మొగుడితో. "నెల రోజుల సంది ఆ రాయి దిక్కు సూసుకుంట అన్నం సక్కగ తిన్నవా? రాత్రి నిద్రల గూడ నడ్వదు నడ్వదు అని కలవరిస్తున్నవ్. కుర్సీ కావాలె నీకు. నాకు తెల్వదా?" షామియానా కింద అందరూ గొల్లుమన్నారు. రాజయ్య మీసం కింద నుంచి నవ్వాపుకోలేకపోయాడు.

తర్వాత ఆమె కార్తీక్ వైపు తిరిగింది. "సార్, ఈయన కుర్సీల కూసుంటడు. గని ఒక్క మాట. ఏడాదికి ఒక్క సోమారం మా ఆయిన నాకు గావాలె. ఆ దినం ఆ కుర్సీల మీరు కూసోండ్రి. మీరే కాదని చెప్పుండ్రి. అట్లయితెనే."

యజమానిని పట్టుకుని ఆ మాట అనేసరికి అందరూ ఊపిరి బిగబట్టారు. కార్తీక్ ఎంగిలి చెయ్యి అలాగే ఉంచి, ఎడమచేత్తో నమస్కారం లాంటిది పెట్టి, "కూర్చుంటానండీ" అన్నాడు.

రాజయ్య అక్కడికక్కడే లేచాడు. మెడలో దండ తీయలేదు. ఆ పోయిన గొంతు ఎక్కణ్నుంచి తిరిగొచ్చిందో గానీ, తీన్మార్ దరువు మీదుగా వినపడింది. "అరేయ్ శ్రీశైలం! ఇగ బంద్ చెయ్! రేపు పొద్దుగాల్నే అందరు గేట్ల ఉండాలె. ఎవనికన్న తలకాయ నొస్తున్నదని ఫోన్ వచ్చిందో, సూడుండ్రి మల్ల!"

"గిదేంది రాజన్నా, రేపు మా బామ్మర్ది..."

"నడ్వదు!"

మంగళవారం తెల్లారేసరికి షెడ్డు నిండిపోయింది. ఎర్రకళ్లతో, ఆవలింతలతో, ఒకరినొకరు దెప్పిపొడుచుకుంటూ చేశారు. ఆ రోజు జనరల్ మేనేజరుగారు ఏ మిషనూ ముట్టుకోకుండా జాగ్రత్తపడ్డాం. పొద్దుగూకేలోపు లారీ ఉప్పల్ దాటి వరంగల్ దారి పట్టింది.

కార్తీక్ ఫోన్ పద్ధతి పూర్తిగా తీసేయలేదు. ఫ్యానుల్లాంటివి నేరుగా అతనికే వెళ్తాయి, మర్నాడే వస్తాయి. మనుషుల సంగతులు మాత్రం పచ్చ కుర్చీ దగ్గరే తేలతాయి. నన్నడిగితే అదే సరైన ఏర్పాటు. వస్తువులకి మెట్లు తక్కువుంటే మంచిది, మనుషులకి కనీసం పోట్లాడుకోదగ్గ మెట్టు ఒకటి ఉండాలి. మెట్లన్నీ తీసేయాలనేవాళ్ల మాటా నమ్మకండి, సాసర్లు లెక్కపెట్టేవాళ్ల మాటా నమ్మకండి.

మరుసటి ఆషాఢం

నేను రిటైరవ్వడానికి కొద్ది రోజుల ముందు మళ్లీ బోనాలు వచ్చాయి. సోమవారం పొద్దున్నే కార్తీక్ షెడ్డు గుమ్మం దగ్గర పచ్చ కుర్చీలో కూర్చున్నాడు. చూద్దామని నేనూ వెళ్లాను. కుర్చీ అతనికి ఇరుకు, మోకాళ్లు పైకి లేచాయి. మనిషి పరీక్షకి వచ్చినవాడిలా బిగుసుకుని ఉన్నాడు.

ముందుగా శ్రీశైలమే వచ్చాడు. చేతులు కట్టుకుని, గొంతు మెత్తగా చేసి, "సార్, మా బామ్మర్ది ఇంటికాడ బోనాలు. నేను పోకపోతె యాట కొయ్యరంట సార్" అన్నాడు.

కార్తీక్ నావైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

"కాదు" అన్నాడు కార్తీక్. మళ్లీ గట్టిగా, "నడ్వదు శ్రీశైలం. మూడింటిదాకా ఉండు, తర్వాత వెళ్లు" అన్నాడు.

"రెండింటికి సార్."

"మూడు."

"రెండున్నర సార్, మీకు బగారా తెస్త."

"మూడింటికే. బగారా మాత్రం తీసుకురా."

శ్రీశైలం ఏదో గొణుక్కుంటూ మిషను దగ్గరికి వెళ్లాడు. అతని పక్కవాళ్లు నవ్వుతున్నారు. కార్తీక్ చెమట తుడుచుకుని, "మేడం, కాదన్నాను!" అన్నాడు. సాసర్ వచ్చిన రోజు నా ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది. ఆ రోజంతా అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు, అతను కాదంటూనే ఉన్నాడు. మధ్యాహ్నం జనరల్ మేనేజరుగారు వచ్చి ఇంకొన్ని మోటార్లు ఎక్కువ చేయిద్దామంటే ఆయనకీ కాదనే చెప్పాడు.

మంగళవారం రాజయ్య వచ్చాడు. నుదుట ఇంకా పసుపుంది. కార్తీక్ లేచి కుర్చీ అప్పగించాడు. రాజయ్య వెంటనే కూర్చోలేదు.

"సెలవు అడిగిన్రా సార్?"

"అందరూ అడిగారు."

"మీరేమన్నరు?"

"కాదన్నాను."

"తిట్టుకున్నరా మిమ్మల్ని?"

"బాగా తిట్టుకున్నారు. నాకు వినపడేటట్టే."

"మరి పని ఆగిందా?"

"ఆగలేదు."

రాజయ్య అతన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. భుజం మీద చెయ్యి వేశాడు. "ఇగ మీరు సూపర్‌వైజర్ అయిన్రు సార్" అన్నాడు.

కార్తీక్ ఆ మాటని ఆ రోజంతా కనపడినవాళ్లందరికీ చెప్పాడు. సాయంత్రం తాతగారికి ఫోన్ చేసి చెప్పాడు. నా వీడ్కోలు సభలో నా గురించి చెప్పాల్సింది పోయి, అదే మళ్లీ చెప్పాడు.